మొన్న అంటే ఏ తారీకు?

కంచన్‌బాగ్‌కు పోయే దారిలో, సంతోష్‌నగర్ దాటాక ఎడమవైపు గల్లీలో ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల పద్నాలుగు మిషన్లు, నలభై మంది మనుషులు. దగ్గర్లో ఉన్న ఒక పెద్ద కంపెనీకి కావలసిన బుష్‌లు, పిన్నులు, రింగులు ఇక్కడ తయారవుతాయి. అవి చివరికి ఏ యంత్రంలో పోయి కూర్చుంటాయో చేసినవాడికే తెలియదు, అడిగితే చెప్పేవాడూ లేడు. షెడ్డు వెనక కిటికీ లేని పొడుగాటి గది ఉంది. అది స్టోర్. ముప్పై ఒక్క ఏళ్లుగా దానికి రామ్‌చందర్ స్టోర్‌కీపర్.

స్టోర్‌కీపర్ అన్నది జీతం కాగితం మీద మాట. కార్ఖానాలో అందరికీ ఆయన స్టోర్ సాబ్. ఖరాదు, అంటే లేత్ మిషన్, మీద పనిచేసే సామ్యూల్ వచ్చి, నడుమెత్తు తలుపు మీద మోచేతులు ఆనించి, “సాబ్, ముప్పావు ఇంచు...” అంటే చాలు. ఆ మాట పూర్తయ్యేలోపు రామ్‌చందర్ చెయ్యి అరలోకి పోయి వస్తువుతో బయటికి వచ్చేది. ఎంత సరుకు వచ్చింది, ఎంత పోయింది రిజిస్టర్లలో రాసేవాడు గానీ, ఏది ఎక్కడుందో మాత్రం ఎక్కడా రాయలేదు. రాయాలని తోచక కాదు. కూర్చున్న కొమ్మను ఎవడైనా నరుక్కుంటాడా?

ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగకపోతే రెండు మిషన్లు ఆగిపోయాయి. యజమాని గౌలిపురాలో ఉన్న ఇంటికి ఆటో పంపించాడు. రామ్‌చందర్ దుప్పటి కప్పుకుని వచ్చి, స్టూల్ మీద కూర్చుని, ఇదిగో ఇక్కడ, అదిగో అక్కడ అని వేలితో చూపించి, అదే ఆటోలో తిరిగి వెళ్లాడు. ఆ సంగతిని పదేళ్లుగా చెప్పుకుని మురిసిపోతూ ఉండేవాడు. అందులో మురిసేందుకు ఏమీ లేదని ఎవరైనా తన మొహం మీదే చెబుతారని ఆయన అనుకోలేదు.

ఇప్పుడాయనకు యాభై ఎనిమిది. షుగర్ ఉంది. ఎడమ మోకాలు నిచ్చెన రెండో మెట్టు దగ్గరే మొరాయిస్తుంది. అలసట అన్న మాట మాత్రం ఆయన నోట రాదు. “జర కాళ్లు గుంజుతున్నయ్” అంటాడు, అంతే. పొద్దున కార్ఖానాకు బయల్దేరేటప్పుడు అంటాడు, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచేటప్పుడు అంటాడు. భార్య అమల ఆ మాటకు బదులివ్వడం మానేసి చాలా కాలమైంది. మంచినీళ్ల చెంబు అందించి ఊరుకుంటుంది.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో పెద్ద కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తమకు సరుకిచ్చే చిన్న కార్ఖానాలన్నీ నాలుగు నెలల్లో ‘లీన్’ పద్ధతిలోకి రావాలని అందులో ఉంది. అవసరానికి మించి ఏదీ నిల్వ ఉండకూడదు. ప్రతి వస్తువుకూ బార్‌కోడ్ ఉండాలి. ఏ అరలో ఏముందో, ఎంతుందో పెద్ద కంపెనీ వాళ్లు తమ గదిలో కూర్చునే చూసుకోగలగాలి. ఆ తర్వాత తనిఖీకి వస్తారు. తనిఖీలో తప్పితే జాబితాలోంచి పేరు పోతుంది. పేరు పోయాక షెడ్డుకు తాళం వేసుకోవడమే మిగులుతుంది.

“లీన్ అంటే ఏంది సాబ్?” అని సామ్యూల్ అడిగాడు.

“బక్కగ చేసుడంట.”

“స్టోర్‌నా, మనల్నా?”

“ముందుగాల స్టోర్‌ను” అన్నాడు రామ్‌చందర్. ఇద్దరూ నవ్వారు. నవ్వు సామ్యూల్‌కు వచ్చినంత సులువుగా రామ్‌చందర్‌కు రాలేదు.

ఎందుకంటే, ఆ పొద్దునే యజమాని శశిధర్ ఆయన్ని ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. శశిధర్ వాళ్లది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి జగన్నాథరావు సర్కారు ఉద్యోగం వదిలి రెండు ఖరాదులతో ఈ షెడ్డు పెట్టాడు. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. చిన్నప్పుడు స్కూలు లేని రోజుల్లో స్టోర్‌లో వాషర్లు దారానికి గుచ్చి ఆడుకున్నవాడు. అందుకే రామ్‌చందర్‌ను ఇప్పటికీ అన్నా అంటాడు.

“అన్నా, మీ దగ్గర దాచి లాభం లేదు. ఈ పని పూర్తయితే స్టోర్‌కు మనిషి అక్కర్లేదు. ఎవరికి కావలసింది వాళ్లే వచ్చి, స్కాన్ చేసుకుని తీసుకుంటారు. మీకింకా రెండేళ్ల సర్వీసు ఉంది కదా, గేటు దగ్గర కూర్చోండి. జీతంలో తేడా ఉండదు.”

“గేటు కాడ ఖదీర్ భాయ్ ఉన్నడు గద సార్.”

“ఉంటే ఏం? ఇద్దరుంటారు.”

గేటు దగ్గర ఒక్క మనిషికే చేతి నిండా పని ఉండదు. ఖదీర్ భాయ్ సగం రోజు పిల్లులకు బిస్కెట్లు వేస్తుంటాడు. ఇక ఇద్దరు కూర్చుని ఏం చేస్తారో శశిధర్ చెప్పలేదు, రామ్‌చందర్ అడగలేదు.

ఇంట్లో చెబితే అమల తేలిగ్గా తీసుకుంది. “జీతం గదే గద. నీడపట్టున కూసుంటవ్, మోకాలికి మంచిది” అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. అయినా రామ్‌చందర్‌కు ముద్ద దిగలేదు. రెండేళ్ల తర్వాత తాళంచెవుల గుత్తిని ఇంకొకడి చేతిలో పెట్టి, ఇది ఇక్కడ, అది అక్కడ అని రెండు రోజులు చూపించి, అప్పుడు ఇంటికి రావాలన్నది ఆయన పెట్టుకున్న ఒకే ఒక్క కోరిక. గొప్ప కోరికేమీ కాదు. ఇప్పుడేమో ఆ ఇంకొకడంటూ ఉండడంటున్నారు. ఆ రెండేళ్లు స్టోర్‌లోనే ఉండిపోవడమెలాగన్న ఆలోచన ఆయనకు ఆ రోజు నుంచే పట్టుకుంది.

వారం తిరక్కుండానే సాయిప్రియ వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, చంపాపేటలో హాస్టల్లో ఉంటోంది. ఈ స్టోర్‌ను దారికి తెచ్చేందుకే ఆమెను పెట్టుకున్నారు. తనిఖీలో నెగ్గితే ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. మొదటి రోజునే రామ్‌చందర్ తన జ్వరం కథ వినిపించాడు. ఆమె శ్రద్ధగా విని, “అంకుల్, మీకు జ్వరమొస్తే స్టోర్‌కీ జ్వరమొచ్చిందంటే, అది మంచి స్టోర్ కాదండి. మీ తప్పని అనట్లేదు, పద్ధతే అలా ఉంది” అంది. రామ్‌చందర్ ఆ రోజంతా ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

మర్నాటి నుంచి లెక్కింపు మొదలైంది. ఆయన స్టూల్ మీద, ఆమె ఒక డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎదురుగా. తొమ్మిది వందల చిల్లర వస్తువులు. ఒక్కోదానికీ ఆమెవి నాలుగే ప్రశ్నలు. పేరేంటి, ఎన్ని ఉన్నాయి, ఎక్కడుంది, చివరిసారి ఎప్పుడు తీశారు. ఎక్కడుందన్న దానికి సగం చెప్పి సగం మింగుదామని రామ్‌చందర్ నిన్నటి నుంచే గట్టిగా అనుకుని వచ్చాడు. తీరా ఆమె “ఎక్కడుందండి?” అనగానే ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు నోరు తెరిపించేసింది. చెయ్యి లేచి చూపించేసింది. మొదటి గంటలో నలభై వస్తువులు చెప్పేశాక ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంకో నలభై చెప్పాడు.

నాలుగో ప్రశ్నకు మాత్రం ఆయన పెద్దగా ఆలోచించలేదు. “ఇత్తడి రాడ్డు చివరిసారి ఎప్పుడు తీశారండి?” అంటే “మొన్న” అనేవాడు. “తోలు వాషర్లు?” అంటే “గవా? పర్సూ తీసినం” అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పాతబస్తీలో నిన్న అంటే నిన్నే. మొన్న అంటే మాత్రం మొన్న కాదు. నిన్న కానిదంతా మొన్నే. పక్కింటి వాళ్ల పెళ్లి మొన్న అయిందంటారు, ఆ పెళ్లికూతురి కొడుకు ఏడో తరగతిలో ఉంటాడు. ఉర్దూలో పర్సూ అన్నా అంతే. పత్తర్‌గట్టిలో దర్జీ దగ్గరికి పోయి “పర్సూ బట్ట ఇచ్చి పోయిన” అంటే, ఆయన నొచ్చుకోకుండా “రంజాన్ ముందా, తర్వాతా?” అని అడుగుతాడు. ఇందులో అబద్ధం లేదు, మోసం లేదు. జరిగిపోయిందాన్ని మరీ దూరంగా నెట్టేయడం ఇక్కడి మనుషులకు చేతకాదు, అంతే.

కాకినాడలో మొన్నకు మరీ అంత పొడుగుండదు. పైగా సాయిప్రియ ముందున్న కంప్యూటర్‌కు మొన్న, పర్సూ తెలియవు, తారీకు కావాలి. ఒకసారి ఆమెకే అనుమానం వచ్చి, “మొన్నేనా అంకుల్?” అని అడిగింది. “ఆ, మొన్ననే బిడ్డా” అన్నాడు రామ్‌చందర్. ఆమె వెనక్కి రెండు రోజులు లెక్కపెట్టి తారీకు కొట్టింది. అలా పది రోజులు కొట్టింది.

ఈలోగా స్టోర్ రూపం మారిపోతూ వచ్చింది. నేల మీద పసుపు గీతలు పడ్డాయి. అరలకు అంకెలు వచ్చాయి. ప్రతి డబ్బాకూ తెల్ల చీటీ, దాని మీద నల్లగీతల బార్‌కోడ్. ఏడాదిగా ఎవరూ ముట్టని వస్తువుకు ఎర్ర చీటీ కట్టి బయటికి పంపాలన్నది పద్ధతి. కానీ రామ్‌చందర్ చెప్పిన లెక్క ప్రకారం ముట్టని వస్తువంటూ దాదాపు లేదు, అన్నీ మొన్న తీసినవే. ఎర్ర చీటీల కట్ట విప్పకుండానే ఉండిపోయింది. “మీ స్టోర్ భలే చురుగ్గా ఉందండి అంకుల్” అని సాయిప్రియ మెచ్చుకుంది కూడా. ఆ మాటకు ఆయన లోపల కొంచెం మెత్తబడ్డాడు.

వర్షాకాలం మొదట్లో, ఒక సోమవారం, కొత్త పద్ధతి మొదలైంది. ఏ వస్తువు ఎంత తరచుగా కావాలో కంప్యూటరే లెక్క కడుతుంది. పాత లెక్కలేవీ దానికి తెలియవు కాబట్టి, చివరిసారి తీసిన తారీకే దానికి ఆధారం. ఈ మధ్యే తీశారంటే మళ్లీ త్వరలో కావాలని దాని అర్థం. సరుకు తగ్గకుండా అదే దుకాణాలకు ఆర్డరు పంపేస్తుంది, మనిషి సంతకం కోసం ఆగదు.

బుధవారం పొద్దున మొదటి ట్రాలీ ఆటో వచ్చింది. దాంట్లో తోలు వాషర్లు, ఒక గోనెసంచి నిండా. ఆ వాషర్లు పట్టే పంపు ఎనిమిదేళ్ల కిందటే తుక్కులోకి పోయింది. పదకొండింటికి ఇత్తడి రాడ్లు దిగాయి. తర్వాత ఉస్మాన్‌గంజ్ నుంచి జనుపతాళ్లు, చుట్టలు చుట్టలుగా. తాడుతో కట్టే పని ఆ కార్ఖానాలో ఎప్పుడు ఆగిపోయిందో తాళ్ల దుకాణం వాడికే గుర్తులేదు. “ఏం భాయ్, సర్కస్ గిట్ల పెడుతున్నరా?” అని టెంపో డ్రైవర్ అడిగాడు. గురువారం నాటికి పసుపు గీతలు కనపడటం మానేశాయి. సామ్యూల్‌కు ఒక డ్రిల్ బిట్ కావలసి, గ్రీజు డబ్బాల మీదుగా కాలెత్తి దాటుతూ, “బక్కగ చేస్తమన్నరు, బలిసింది గద సాబ్” అన్నాడు. ఖదీర్ భాయ్ గేటు మూయడం మానేసి తెరిచే ఉంచాడు.

శుక్రవారం శశిధర్ లాప్‌టాప్ ముందు నిలబడి సాయిప్రియ మీద అరిచాడు. అరవడం అతని స్వభావం కాదు, కానీ తనిఖీకి సరిగ్గా పన్నెండు రోజులుంది. “ఒకే తారీకున అరవై వస్తువులు తీశారా? ఆ మర్నాడు ఇంకో అరవయ్యా? చూసుకోరా మీరు? ఏదో కొట్టేస్తే సరిపోతుందా?” ఆ పిల్ల మొహం ఎర్రబడింది గానీ, అంకుల్ చెప్పారన్న మాట ఆమె నోట రాలేదు. “చెక్ చేస్తాను సార్” అని మాత్రం అంది. మధ్యాహ్నం తర్వాత ఏం చేయాలో చెబుతానని శశిధర్ వెళ్లిపోయాడు.

అందరికంటే ముందు సంగతి అర్థమైంది సామ్యూల్‌కు. భోజనాల దగ్గర టిఫిన్ డబ్బా మూత తీస్తూ పకపకా నవ్వాడు. “నువ్వు మొన్న అన్నవ్, ఆ పిల్ల మొన్న అని రాసింది. అరే, మొన్న అంటే మొన్ననా?” తర్వాత గొంతు తగ్గించాడు. “సాబ్, జర విను. చుప్ కూసో. తప్పు ఆ పిల్లదే అయితది. ఆమెను పంపిస్తరు, తనిఖీకి గడువు అడుగుతరు. మళ్ల కొత్తోళ్లు రావాలె, మళ్ల లెక్కపెట్టాలె. ఏడాది ఆరాంగ గడుస్తది. నీ స్టూల్ నీకుంటది.”

రామ్‌చందర్ జొన్నరొట్టె తుంచి పప్పులో ముంచాడు. సామ్యూల్ చెప్పింది అక్షరాలా నిజం. వెతుక్కుంటూ తిరిగిన ఉపాయం తనంతట తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏమీ చేయనక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. ఏడాది గడిస్తే ఇంకో ఏడాది, ఆపైన రిటైర్మెంట్. ఆయన రొట్టె పూర్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని స్టోర్‌కు వచ్చాడు.

సాయిప్రియ అక్కడే ఉంది, తాళ్ల చుట్ట మీద కూర్చుని. అన్నం తిన్నట్టు లేదు. నిష్ఠూరమాడటానికి వచ్చిందనుకున్నాడు. ఆమె నిష్ఠూరమాడలేదు.

“అంకుల్, నాకు చెవులు సరిగ్గా వినపడట్లేదేమోనని భయంగా ఉందండి. మొన్న అన్నది ఆరొందల పద్నాలుగు సార్లు రాశాను. మీరు వేరే ఏదైనా అన్నారా? నేనే తప్పు విన్నానా?”

రామ్‌చందర్‌కు ఒక్క మాట చాలు. ‘ఏమో బిడ్డా, యాదికి లేదు’ అంటే సరిపోయేది. అది నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అబద్ధం ఒకసారి ఆడితే అయిపోదు. రేపు శశిధర్ ముందు ఆడాలి, ఎల్లుండి ఈ పిల్ల పెట్టె పట్టుకుని గేటు దాటుతుంటే నిలబడి చూడాలి, తర్వాత ఏడాది పొడుగునా దాన్ని మోస్తూ ఈ అరల మధ్య తిరగాలి. ఆయన గొప్ప ధర్మాత్ముడేమీ కాదు. మోసే ఓపిక లేదు, అంతే. ఒంట్లో ఉన్న అలసటే ఆయన చేత నిజం చెప్పించింది.

“నువ్వు మంచిగనే విన్నవ్ బిడ్డా. నేనే మొన్న అన్న.” వెనక్కి, తలుపు వైపు తిరిగాడు. “పద సార్ కాడికి.”

శశిధర్ ముందు నిలబడి, “తప్పు ఈ పిల్లది కాదు సార్. తారీకు అడిగితే నేను మొన్న అని చెప్పిన. మా కాడ మొన్న అంటే గట్లనే ఉంటది, మీకు ఎరుకే గద” అన్నాడు. శశిధర్ ఈ ఊళ్లో పుట్టినవాడే. ఒక్క క్షణం తెల్లబోయి చూసి, తల పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక అసలు ప్రశ్న అడిగాడు.

“పన్నెండు రోజులే ఉంది అన్నా. అసలు తారీకులు మీకు గుర్తున్నాయా?”

ఇక్కడ కూడా లేదనొచ్చు. లేదన్నా ఎవరూ తప్పు పట్టరు, అన్నేళ్లవి ఎవరికి గుర్తుంటాయి? రామ్‌చందర్ గోడ మీద జగన్నాథరావు ఫోటో వైపు చూడలేదు, కిందికి తన చెప్పుల వైపు చూశాడు.

“యాదికున్నయ్ సార్” అన్నాడు. “అన్నీ ఉన్నయ్.”

మళ్లీ స్టూల్ మీద ఆయన, డబ్బా మీద ఆమె. ఈసారి మొన్నలు లేవు. ఆయన అంకెల్లో చెప్పలేడు, జరిగిన వాటితో చెబుతాడు. వాటిని ఆమె తారీకులుగా మార్చుకుంటుంది.

“ఇత్తడి రాడ్డా? పాత నోట్లు బంద్ అయినయ్ చూడు, ఆ నెల. గప్పుడు తీసినం. మళ్ల తియ్యలే.”

“తోలు వాషర్లు అంకుల్?”

“పెద్ద సార్, గదే మన సార్ నాయన, పోయిండు చూడు, ఆ ఏడాది. పంపు ఖరాబైంది. దాని తర్వాత ఎవరూ అడగలే.”

“ఈ నల్ల సబ్బు?”

“లాక్‌డౌన్ కంటె ముందు. ఆ వరదలొచ్చినప్పుడు సగం కరిగింది, సగం ఉన్నది. కరగకపోయినా ఎవరు వాడుతరు.”

“గ్యాస్కెట్ షీట్?”

“తెలంగాణ వచ్చినప్పుడు మిఠాయిలు పంచిన్రు గద, ఆ దినం సామ్యూల్ తీస్కపోయిండు. నాకు మంచిగ యాదికున్నది. చేతికి లడ్డూ అంటింది, కింది షీటుకు పూసిండు.” అని ఆ షీటు తీసి చూపించాడు. మరక ఇంకా ఉంది. సాయిప్రియ ఆ మరక చూసి నవ్వి, వెంటనే తల దించుకుని తారీకు కొట్టి, ఎర్ర చీటీ ఒకటి తెంపింది.

మొదటి రోజు ఎర్ర చీటీలు యాభై దాటాయి. రెండో రోజు నూట ఇరవై. మూడో రోజు ఆయనే, ఆమె అడగకముందే, “దీనికి ఎర్రది పెట్టు బిడ్డా” అనడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక అర ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. పైనుంచి కింది దాకా ఒక్క తెల్ల చీటీ లేదు, అంతా ఎరుపే. దుమ్ము దులిపి, తుప్పు పట్టకుండా నూనె రాసి, ఎలుకలు కొట్టకుండా కాగితం చుట్టి, ప్రతి ఏడు దసరాకు బొట్టు పెట్టిన అర అది. అందులోంచి ఎవరూ ఏదీ అడగక పన్నెండేళ్లయింది.

“ఏమైందంకుల్?”

“ఏం లేదు.” ఆయన ఒక ఎర్ర చీటీని సరిచేసి కట్టాడు. “నేను మస్తు పని చేస్తున్న అనుకున్న. వీటికి కావలి కాసిన అన్నమాట.”

సాయిప్రియ తన సీసా మూత తీసింది. “నీళ్లు తాగుతారా అంకుల్?” అంది. ఆయన తాగాడు.

తొమ్మిది వందల్లో ఐదు వందల ఎనభై వస్తువులకు ఎర్ర చీటీలు పడ్డాయి. కొత్తగా వచ్చిన సరుకులో చాలావరకు దుకాణాల వాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తీసుకున్నారు. ఎర్ర చీటీలవి రెండు లారీల్లో తుక్కుకు పోయాయి. లారీ ఎక్కించేవాళ్లు విసిరేస్తుంటే, “జర మెల్లగ” అని ఒకసారి అన్నాడు రామ్‌చందర్. తుక్కుకు పోయేదాన్ని మెల్లగా వేయడమేమిటని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోసారి ఆయన అనలేదు. చివరి రోజు వడ్రంగి వచ్చి స్టోర్ నడుమెత్తు తలుపును కీళ్లతో సహా ఊడదీశాడు. ఎవరైనా ఎప్పుడైనా లోపలికి పోగలిగేలా ఉండాలి కదా. తలుపు లేని చోట తాళంచెవులతో పనిలేదు. రామ్‌చందర్ గుత్తిని శశిధర్ బల్ల మీద పెట్టేసి వచ్చాడు. శశిధర్ అప్పుడు గదిలో లేడు.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. అంతా తిరిగి చూశాక, వాళ్లలో పెద్దాయన ఒక పరీక్ష పెట్టాడు. స్టోర్‌కు సంబంధించిన వాళ్లెవరూ నోరు విప్పకూడదు. తాను కాగితం మీద రాసిన వస్తువును ఖరాదు మీది మనిషి ముప్పై సెకన్లలో తీసుకురావాలి. రామ్‌చందర్‌ను పసుపు గీత బయట నిలబెట్టారు. సామ్యూల్ కాగితం తీసుకుని, గోడకున్న చిన్న తెర మీద పేరు కొట్టాడు. అర నంబరు వచ్చింది. నేరుగా పోయాడు. పోతూ పోతూ ఒక్కసారి అలవాటుగా రామ్‌చందర్ వైపు తల తిప్పబోయి, మధ్యలోనే ఆపుకుని, ముందుకు చూస్తూ నడిచాడు. డబ్బా లాగి, వస్తువు తీసి, స్కాన్ చేసి తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టాడు.

“పదకొండు సెకన్లు” అన్నాడు పెద్దాయన. అందరూ చప్పట్లు కొట్టారు. సాయిప్రియ కళ్లు తుడుచుకుంది. రామ్‌చందర్ కూడా చప్పట్లు కొట్టాడు. ఆ వస్తువు తీయడానికి తనకైతే నాలుగు సెకన్లు చాలునని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదని కూడా తెలుసు. గుండెలో ఎక్కడో నొప్పిగానే ఉంది గానీ, దానికంటే కాళ్ల నొప్పే ఎక్కువగా ఉంది.

మర్నాడు ఆయన నేరుగా గేటు దగ్గరికి వెళ్లాడు. ఖదీర్ భాయ్ తన కుర్చీ ఆయనకిచ్చి, తను బల్ల మీద కూర్చున్నాడు. రామ్‌చందర్ వద్దన్నా వినలేదు. పదింటికి ఒక టెంపో వచ్చింది, నంబరు రాసుకున్నాడు. అది వెళ్లేటప్పుడు మళ్లీ రాసుకున్నాడు. ఖదీర్ భాయ్ చాయ్ తెప్పించాడు. అన్నం తిన్నాక వేపచెట్టు నీడ కుర్చీ మీదికి వచ్చింది. షెడ్డులోంచి మిషన్ల మోత ఆగకుండా వినిపిస్తూనే ఉంది. ఆ మోత వింటూ వింటూ రామ్‌చందర్ తల ఒక పక్కకు వాలిపోయింది. డ్యూటీలో ఆయన కునుకు తీయడం అదే మొదటిసారి.

నాలుగున్నర సైరన్‌కు ఉలిక్కిపడి లేచాడు. మూడు గంటలకు పైగా పడుకున్నాడు. గబగబా నిలబడబోతే మోకాలు పట్టేసింది. కుర్చీ చేతులు పట్టుకుని, షెడ్డు వైపు చూస్తూ, కంగారుగా అడిగాడు.

“ఏమాయె ఖదీర్ భాయ్, లేపకపోతివి? నా కోసం ఎవరొచ్చిన్రు? ఏం అడిగిన్రు?”

ఖదీర్ భాయ్ మంచివాడు. ఆయన్ని స్థిమితపరచాలనే అన్నాడు.

“అరే, ఫికర్ జెయ్యకు భాయ్. ఎవ్వరు రాలే, ఎవ్వరు అడగలే. ఆరాంగ పండుకో.”